పుట్టిన కొత్తలో పడిన హార్మోన్, పెద్దయ్యాక నిలవని గర్భం

పుట్టి ఐదు రోజులైన ఆడ ఎలుక పిల్లకు 1.25 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ప్రొపియొనేట్ (ఇంజెక్షన్‌కు వాడే పురుష హార్మోన్ రూపం) ఒక్కసారి ఇంజెక్షన్ ఇస్తే చాలు, పెద్దయ్యాక దాని అండాశయం నుంచి అండం విడుదల కాదు. అదే డోసు 20వ రోజున ఇస్తే ఆ దెబ్బ తగలదు. ఈ విషయంలో నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది ఈ తేడానే: డోసు ఒకటే, మారింది రోజు.

దెబ్బ తగిలిందో లేదో యోని స్మియర్‌లో తెలిసిపోతుంది. చుక్క సెలైన్ లోపలికి వదిలి, వెనక్కి పీల్చి, స్లైడు మీద చూడాలి. మామూలు ఎలుకలో నాలుగైదు రోజులకో చక్రం తిరుగుతుంది: గుండ్రటి కేంద్రకమున్న కణాలు, తర్వాత కేంద్రకం లేని ఎండు రేకుల్లాంటివి, ఆపైన తెల్లకణాలు. దెబ్బతిన్న ఎలుకలో ఏ రోజు చూసినా రేకులే. అండాశయంలో నీటితిత్తుల్లా ఉబ్బిన ఫాలికిల్స్ (అండం పెరిగే సంచులు) కనిపిస్తాయి, అండం విడుదలయ్యాక ఏర్పడే కార్పస్ లూటియం మాత్రం ఉండదు. అలాగని లోపం అండాశయానిది కాదు, అండాన్ని విడుదల చేయించే హార్మోన్ ఎల్‌హెచ్‌ను బయటి నుంచి ఇస్తే అండం విడుదలవుతుంది. చెడింది మెదడులో, ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా ఎగదోసే హైపోథాలమస్‌లోని కిస్‌పెప్టిన్ అనే సంకేత పదార్థాన్ని వదిలే నాడీకణాల దగ్గర.

నిజానికి అక్కడ పని చేసేది స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్. టెస్టోస్టిరాన్ మెదడులోకి వెళ్లాక అరోమటేజ్ అనే ఎంజైమ్ దాన్ని ఈస్ట్రోజన్‌లో ఒక రకమైన ఎస్ట్రడయాల్‌గా మారుస్తుంది. ఎలుక పిల్ల రక్తంలోని ఆల్ఫా ఫీటో ప్రొటీన్ ఎస్ట్రడయాల్‌ను పట్టి ఉంచుతుంది కానీ టెస్టోస్టిరాన్‌ను వదిలేస్తుంది, అందుకే అది మెదడు దాకా చేరుతుంది. కృత్రిమ ఈస్ట్రోజన్ అయిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ కూడా ఆ కాపలాకు చిక్కదు.

గర్భాశయం సంగతి వేరు. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్‌నే చిట్టెలుక పిల్లలకు పుట్టిన 2వ రోజు నుంచి 10వ రోజు దాకా రోజూ ఇస్తే గర్భాశయ గ్రంథులు అసలు ఏర్పడవు. పెద్దయ్యాక చక్రాలు సక్రమంగానే వస్తాయి, గర్భం మాత్రం నిలవదు. గ్రంథులు స్రవించే ఎల్ఐఎఫ్ అనే ప్రొటీన్ లేనిదే పిండం గోడకు అంటుకోలేదు.

ఇలాంటి ప్రయోగాలు చేసేవాళ్లు పుట్టిన రోజును 0గా లెక్కించారో 1గానో రాసి తీరాలి, ఇక్కడ ఒక్క రోజు తేడా కూడా పెద్దదే. సూది తీసిన చోట హార్మోన్‌ను కలిపిన నూనె కారిపోతే డోసు తగ్గిపోతుంది. ఒకే ఈతలోని పది పిల్లలను పది నమూనాలుగా లెక్కించకూడదు. మేతలో సోయా ఉంటే కంట్రోల్ గుంపుకూ ఈస్ట్రోజన్ లాంటి పదార్థాలు అందుతాయి.

మనుషుల్లో ఇలా తొలినాళ్లలో పడిన హార్మోన్‌కు బలైంది డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ తీసుకున్న గర్భిణుల కూతుళ్లు. గర్భస్రావం ఆపుతుందని అమెరికాలో 1940ల నుంచి 1971 దాకా ఇచ్చారు. దానివల్ల ఉపయోగం లేదని 1953లోనే షికాగో పరీక్షలో తేలినా మరో 18 ఏళ్లు ఆపలేదు. అది క్షమించరానిది. 2011లో వెలువడిన లెక్కల ప్రకారం ఆ కూతుళ్లలో వంధ్యత్వం 33.3 శాతం, మందు తగలనివాళ్లలో 15.5 శాతం. ఎక్టోపిక్ గర్భం (గర్భాశయం బయట నిలిచే గర్భం) 14.6 శాతం, అటువైపు 2.9 శాతమే.

వీళ్లలో నెలసరి సక్రమంగా వచ్చినా గర్భాశయం ఆంగ్ల టీ అక్షరం ఆకారంలో ఉండవచ్చు. రక్తపరీక్షలో అది కనిపించదు, హెచ్‌ఎస్‌జీ (గర్భాశయంలోకి రంగుద్రవం పంపి తీసే ఎక్స్‌రే) తీయాలి. గర్భం వస్తే అది గర్భాశయంలోనే ఉందో లేదో మొదటి వారాల్లోనే స్కాన్‌లో చూడాలి, ఆ తర్వాత గర్భాశయ ముఖద్వారం పొడవును గమనిస్తుండాలి.