ఇందిరమ్మ ఇల్లు: ముగ్గు పోసే ముందే వేసుకోవాల్సిన లెక్కలు

ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు ముందే చేతికొచ్చే డబ్బు కాదు. కట్టిన పనికి వెనక నుంచి వచ్చే బిల్లు. తెలంగాణలో ఈ పథకం కింద సగంలో ఆగిన ఇళ్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. మంజూరు పత్రం అందిన రోజే 5 లక్షలు వచ్చేసినట్టు లెక్కేసుకుని పెద్ద ఇంటికి ముగ్గు పోస్తారు. బేస్‌మెంట్ (గోడల కింద లేపే పునాది అరుగు) కాడికి వచ్చేసరికి చేతిలో ఉన్నది అయిపోతుంది.

డబ్బు నాలుగు విడతల్లో వస్తుంది. బేస్‌మెంట్ పూర్తయ్యాక లక్ష. గోడలు లేచాక ఒక విడత, స్లాబ్ పడ్డాక ఇంకొకటి, ఈ రెండూ కలిపి 3 లక్షలు. ఇల్లంతా పూర్తయ్యాక చివరి లక్ష. అంటే గుంతలు తీసిన రోజు నుంచి బేస్‌మెంట్ మీద మొరం కొట్టి దిమ్మిస చేసేదాకా పెట్టాల్సిన ప్రతి రూపాయీ ఇంటివాళ్లదే. కూలి చేసుకుని బతికే కుటుంబానికి ఈ మొదటి లక్షే కొండ. అది ఎక్కడ నుంచి తేవాలో తేలాకే పని మొదలుపెట్టాలి.

ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు 3,000. పని నత్తనడక నడిచి ఆరు నెలలు పడితే 18,000 వడ్డీకే పోతుంది. అదే లక్ష రూపాయి వడ్డీకి దొరికితే 6,000. తేడా 12,000. మంజూరు ఇంటి ఆడవాళ్ల పేరు మీదే వస్తుంది కాబట్టి, ఆమె మహిళా సంఘంలో ఉంటే ముందు సంఘం అప్పు అడగండి. సంఘంలో లేకపోతే మంజూరు కోసం ఎదురుచూసే రోజుల్లోనే చేరిపోవడం మంచిది. ఇటుక, సిమెంటు ఉద్దెర ఇచ్చే దుకాణాలు ఉంటాయి కానీ రేటులోనే వడ్డీ కలిపేస్తారు. ఉద్దెర రేటు, నగదు రేటు రెండూ విడివిడిగా అడిగి రాసుకోండి.

ఇక కొలత. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి ఉండాలి, పైన ఆర్‌సీసీ (సలాకలు వేసి పోసిన కాంక్రీటు) స్లాబ్ ఉండాలి. 600 దాటితే బిల్లు ఆగుతుంది. చాలామంది కావాలని దాటించరు, ముగ్గులో దాటిపోతుంది. 24 అడుగులు, 25 అడుగులు అనుకుంటే సరిగ్గా 600. మేస్త్రీ అలవాటు కొద్దీ ప్రతి వైపూ అరడుగు పెంచి 24న్నర, 25న్నర పోస్తే అదే ఇల్లు దాదాపు 625 అవుతుంది. లోపలి గదుల కొలత చెప్పి ముగ్గు పోయించినా ఇదే జరుగుతుంది. లోపల 20, 20 కావాలంటే, తొమ్మిదంగుళాల గోడలు రెండు వైపులా కలిపి బయటికి 21న్నర, 21న్నర వస్తుంది. 400 అనుకున్నది 462 అయింది. మేస్త్రీకి ఎప్పుడూ బయటి కొలతే చెప్పండి, టేపు మీరే పట్టుకోండి. వరండా, మెట్లు ఎలా లెక్కిస్తారో ముగ్గు పోసే రోజే హౌసింగ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ను) అడిగి తేల్చుకోండి.

నా మాటగా చెప్పాలంటే, చేతిలో పైసలు లేని కుటుంబం 400 నుంచి 450 మధ్యలో ఆగాలి. మెట్లకు, పైన రేపు వేసుకోబోయే గదికి వీలుగా పిల్లర్ల సలాకలు వదిలి పెట్టుకుంటే చాలు. ఇప్పుడు 600 కట్టబోయి గోడల దగ్గర ఆగిపోయిన ఇంట్లో ఎవరూ కాపురం చేయలేరు. మండల కేంద్రంలో కట్టిన నమూనా ఇల్లు ఒకసారి చూసి రండి. 400లో ఏమేం పడతాయో కాగితం మీద కంటే అక్కడ బాగా తెలుస్తుంది.

చోటు విషయంలో ఇంకో చిక్కు ఉంది. సర్వే అప్పుడు యాప్‌లో ఏ స్థలం ఫోటో తీశారో అక్కడే కట్టాలి. ఫోటోతో పాటు ఆ చోటు గుర్తు కూడా నమోదవుతుంది. వాస్తు కుదరలేదనో, అన్నదమ్ముల పంపకంలో చోటు మారిందనో పక్క ప్లాటులో మొదలుపెడితే బేస్‌మెంట్ ఫోటో దగ్గరే బిల్లు చిక్కుకుంటుంది. మార్చుకోక తప్పదంటే గుంత తీయకముందే పంచాయతీ కార్యదర్శికి, ఏఈకి రాతపూర్వకంగా ఇచ్చి, జవాబు వచ్చాకే పారపట్టండి. మంజూరుకు ముందే కట్టుకున్న పునాదిని బిల్లుకు చూపించాలనుకోవడం కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది.

పునాదిలో నేల చూసి నడవాలి. 20, 20 ఇంటికి పదేసి అడుగుల ఎడంతో తొమ్మిది పిల్లర్లు సరిపోతాయి. మొరం నేలలో నాలుగైదు అడుగుల గుంత చాలావరకు గట్టి పొరకు చేరుతుంది. నల్లరేగడిలో ఆ లెక్క పనికిరాదు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, దాంతో పాటే పునాది లేస్తూ దిగుతూ రెండో ఏటికి గోడల మీద మూలకు మూల పగులు వస్తుంది. గట్టి మొరం తగిలేదాకా దిగాలి, అడుగున కంకర బెడ్ వేయాలి, గోడల కింద పిల్లర్లను కలిపే కాంక్రీటు దూలం, అంటే ప్లింత్ బీమ్, తప్పకుండా ఉండాలి. పిల్లర్లకు అయ్యే ఖర్చు చూసి బీమ్ ఎగ్గొట్టడమే ఊళ్లలో ఎక్కువగా జరిగే తప్పు.

మొరం లెక్క కూడా ముందే వేయండి. 400 అడుగుల ఇంట్లో గోడల మందం పోగా నింపాల్సిన చోటు దాదాపు 340 చదరపు అడుగులు. రెండడుగుల ఎత్తుకు 680 ఘనపుటడుగులు. దిమ్మిసకు కుంగుతుంది కాబట్టి పావు వంతు కలిపితే 850. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాలీతో ఎనిమిది, తొమ్మిది ట్రిప్పులు. ఆరంగుళాలకొకసారి నీళ్లు కొట్టి దిమ్మిస చేయాలి. ఒకేసారి నింపి పైపైన కొడితే ఏడాది తిరక్కుండానే గచ్చు కుంగుతుంది.

బేస్‌మెంట్ అయ్యాక ఫోటో యాప్‌లో ఎక్కాలి, ఏఈ సరిచూడాలి, ఆ తర్వాతే బిల్లు కదులుతుంది. చెల్లింపులు సోమవారాల్లో పడుతున్నాయి. ఫోటో ఎక్కినా డబ్బు రాలేదంటే ముందు అనుమానించాల్సింది బ్యాంకు ఖాతానే. ఆధార్‌తో డబ్బు పంపినప్పుడు అది మీరు ఇచ్చిన పాసుబుక్కుకు కాదు, ఆధార్‌కు చివరగా జతపడిన ఖాతాకు పోతుంది. ఎప్పుడో ఇంకో బ్యాంకులో తెరిచి మరిచిపోయిన ఖాతా అయినా సరే. ఆధార్‌కు జోడైన ఫోను నుంచి స్టార్ 99 స్టార్ 99 స్టార్ 1 హ్యాష్ కొడితే ఏ బ్యాంకుకు జతపడి ఉందో తెలుస్తుంది. రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతా నిద్రాణంలోకి పోతుంది, కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు) ఇచ్చి లేపించుకోవాలి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే నెలకు 10,000కు మించి తీయనివ్వరు. లక్ష వచ్చి ఖాతాలో పడ్డాక మేస్త్రీకి ఇవ్వలేక నిలబడే పరిస్థితి అది. ఆధార్‌లో, మంజూరు పత్రంలో, పాసుబుక్కులో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఇంకోచోట ఉండటం మామూలే, బిల్లు ఆగాక దిద్దించుకోవడం కష్టం.

ఫోటో తీయడానికి, బిల్లు ముందుకు తోయడానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064.

స్లాబ్ కాడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో సరిదిద్దడానికి వీల్లేనిది అదొక్కటే. 400 చదరపు అడుగులకు అయిదంగుళాల మందం అంటే 167 ఘనపుటడుగుల కాంక్రీటు, బీములు విడి. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే సిమెంటు 38 నుంచి 40 బస్తాలు, ఇసుక 70 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 140 అవుతాయి. చుట్టూరా అడుగు సజ్జ తీస్తే స్లాబ్ 22, 22 అయి మొత్తం అయిదో వంతు పెరుగుతుంది. ఇసుక కూపన్ అడిగేటప్పుడు ఈ లెక్క దగ్గర పెట్టుకోండి. గోడలకు, గిలాబుకు కావాల్సింది వేరే.

నీళ్లు బస్తాకు 25 లీటర్లు, ఎంత పోసినా 30 దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని తేలికవుతుందని కూలీలు పైపు వదిలేస్తారు, పలుచగా పడిన స్లాబ్ వానకు కారుతుంది. సలాకల కింద 20 ఎంఎం కవర్ బ్లాకులు (సలాకను అడుగుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న సిమెంటు దిమ్మెలు) పెట్టించండి. కంకర రాళ్లు పెట్టి సరిపెడితే మనుషులు తొక్కేసరికి జారిపోయి సలాక అడుగుకు అంటుకుంటుంది. పదేళ్లకు కింద పెచ్చులూడేది అక్కడే. స్టీలు కొనేటప్పుడు తూకంతో పాటు లెక్క కూడా చూడండి. 12 మీటర్ల సలాక 8 ఎంఎందైతే దాదాపు 4.7 కిలోలు, 12 ఎంఎందైతే 10.7 కిలోలు ఉండాలి.

పోసిన మర్నాడే మడులు కట్టి నీళ్లు నిలబెట్టాలి, 14 రోజులు ఎండనివ్వొద్దు. సెంట్రింగ్ కిరాయి రోజుల లెక్కన ఎక్కుతుందని వారానికే విప్పమని ఒత్తిడి వస్తుంది. చిన్న గదుల స్లాబ్ కింద ఊతకర్రలు వారం తర్వాత తీయొచ్చని నిబంధనలు చెబుతాయి కానీ బీముల కింద 14 రోజులు ఉండాల్సిందే. ఊళ్లలో ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటు నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి స్లాబ్‌కు కూడా 14 రోజులు ఉంచడమే మేలు. ఆ వారం కిరాయిని ముందే ఖర్చులో రాసుకోండి.

ఇంటి కిరాయి సంగతి మాత్రం పథకంలో ఎక్కడా లేదు. పాత ఇల్లు కూల్చి కట్టుకునే కుటుంబం కట్టినన్నాళ్లూ ఎక్కడ ఉండాలి? కొత్త ఇల్లు లేచేదాకా నెలనెలా కిరాయి కట్టుకునే స్తోమత ఉన్నవాళ్లయితే అసలు ఈ జాబితాలోకే రారు. పని నడిచే కాలానికి నెలకు కొంత కిరాయి సాయం ప్రభుత్వం ఇవ్వాలి. అది ఇస్తే మొదటి విడత దాకా ఎంతోమంది నిలదొక్కుకుంటారు. అప్పటిదాకా చేయగలిగింది ఒకటే. జాగా ఉంటే పాత ఇంట్లో ఒక గది కూల్చకుండా వెనక వదిలేయండి, లేదంటే కూల్చిన రేకులు, దూలాలతో జాగా మూలనే గుడిసె వేసుకోండి. దర్వాజలు, కిటికీలు, బండలు జాగ్రత్తగా ఊడదీస్తే కొత్త ఇంటికి పనికొస్తాయి.

చివరి లక్ష కోసం గిలాబు, గచ్చు, దర్వాజలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ పూర్తయి కనిపించాలి. మరుగుదొడ్డి గుంతలను ఆఖరికి వదిలేస్తే జాగా మిగలదు. బోరుకు దూరంగా, బేస్‌మెంట్ మొదలుపెట్టినప్పుడే వాటికి చోటు గీసి పెట్టండి. పాత ఇంటి కరెంటు మీటరును కూల్చేటప్పుడు వాపసు ఇవ్వొద్దు. లైన్‌మన్‌కు చెప్పి పక్కకు మార్పించుకోండి. 200 యూనిట్ల ఉచిత కరెంటు ఇంటి కనెక్షన్‌కే వస్తుంది. కొత్త మీటరు, పంచాయతీలో కొత్త ఇంటి నంబరు, ఇంటి పన్నులో పేరు, ఈ మూడింటికీ దరఖాస్తు మంజూరు పొందిన ఆమె పేరు మీదే ఇవ్వండి.