మడమలు చూపించమన్నాను

ఊరొచ్చి నాలుగు రోజులు కాలేదు, మా వీధి చివరింటి లెక్కల మాస్టారు గేటు తీసుకుని లోపలికొచ్చారు. మే నెల ఉక్క. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అమ్మాయ్, అమెరికాలో నువ్వు పనిచేసేది నర్సింగ్ హోమ్‌లోనే కదా? మా అప్పని అలాంటిదాన్లోనే పడేస్తారట."

పడేస్తారట అన్న మాటలోనే ఆయన భయం తెలిసిపోయింది. శ్రీకాకుళంలో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారి ప్రైవేటు ఆసుపత్రి. నేను పనిచేసే న్యూజెర్సీలో సంగతి వేరు. ఆపరేషన్ అయి మళ్ళీ నడక నేర్చుకునేవాళ్ళు కొన్ని వారాలుండి వెళ్ళిపోతారు. ఇంట్లో చూసుకోలేని స్థితికి వచ్చినవాళ్ళు ఇక అక్కడే ఉండిపోతారు. అందరూ ఒకే కప్పు కింద, వేర్వేరు వరండాల్లో.

మాస్టారి అప్ప, అంటే అక్కగారు, ఇరవై ఏళ్ళ పైనుంచీ అక్కడ కొడుకు దగ్గరే ఉంటోంది. అక్కడి పౌరసత్వం కూడా ఉంది. బాత్రూమ్‌లో జారి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఎక్కడికి పంపాలో సోమవారానికల్లా చెప్పమని ఆసుపత్రివాళ్ళు కొడుకు చేతిలో ఒక లిస్టు పెట్టారు. బెడ్లు ఖాళీ ఉన్నవి రెండే. ఒకదానికి ఐదు నక్షత్రాలు, రెండోదానికి మూడు.

"ఇందులో ఆలోసించడానికేటుంది?" అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దినాయన మరి.

నక్షత్రాలు ఇచ్చేది ప్రభుత్వమే. వయసు మళ్ళినవాళ్ళకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. దాన్ని చూసే శాఖ వీటిని 2008 డిసెంబరులో మొదలుపెట్టింది. వాటి వెనక మూడు లెక్కలుంటాయి. మొదటిది తనిఖీలు. రాష్ట్రం తరఫున ఇన్‌స్పెక్టర్లు చెప్పాపెట్టకుండా వస్తారు, రూలు ప్రకారం ఒకసారికీ ఇంకోసారికీ మధ్య 15 నెలలు దాటకూడదు. రెండోది సిబ్బంది. ఆ గంటలు జీతాల రికార్డుల నుంచి తీస్తారు కాబట్టి బొంకడం కష్టం. శని, ఆదివారాల్లో ఎంతమంది పనిలో ఉంటున్నారు, ఏడాదిలో ఎంతమంది మానేశారు అన్నది కూడా 2022 నుంచి కలిపారు. మూడోది రోగుల స్థితి: పుళ్ళు పడ్డాయా, కిందపడి దెబ్బలు తగిలాయా, ఇలాంటివి. ఇందులో చాలా భాగం హోమ్ తనే నింపి పంపే ఫారాల నుంచి వస్తుంది.

"అంటే పిల్లోడు తన పేపరు తనే దిద్దుకోడమా!" మాస్టారికి అక్కడ తగిలింది.

నక్షత్రాలు పనికిరానివని నేననను. ఒక్క నక్షత్రం ఉన్నచోటికి మా అమ్మని పంపను. కానీ నాకు వాటి మీద పూర్తి నమ్మకం పోయిన రాత్రి ఒకటుంది.

అక్కడ నేను మొదట్లో పనిచేసిన చోటు. పక్షవాతంతో మాట పోయిన ఒక తాతని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని చార్టులో ఉంది. చార్టు నిండా టిక్కులూ ఉన్నాయి. తెల్లవారుజామున దుప్పటి ఎత్తి మేజోడు తీస్తే ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత మచ్చ, నేరేడు పండు రంగులో. వేలితో నొక్కితే తెల్లబడలేదు. పైన చర్మం ఎక్కడా చిట్లలేదు, లోపల కండ చచ్చిపోయింది. చార్టు మళ్ళీ చూశాను. పన్నెండు, రెండు, నాలుగు. మూడు టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒకేసారి పెట్టినట్టు. ఆ రాత్రి ఇద్దరు ఎయిడ్లు, అంటే నర్సు కింద రోగుల్ని చూసుకునే సహాయకులు, రావాలి, ఒక్కామే వచ్చింది. 28 మంది రోగులు. ఆ టిక్కుల కింద సంతకం నాది.

కొన్నాళ్ళకి తనిఖీ వచ్చింది. ఆ మూడు రోజులూ ఆఫీసు గదుల్లోంచి బయటికి రానివాళ్ళు కూడా మెడలో బ్యాడ్జీలు వేసుకుని వరండాల్లో తిరుగుతూ నీళ్ళ గ్లాసులు అందించారు. మడమ సంగతి ఎవరూ రాయలేదు.

అందుకే మాస్టారి మేనల్లుడికి ఫోన్ చేయించాను. అబ్బాయికి ముందు డబ్బు టెన్షన్. మెడికేర్ మొదటి 20 రోజులు పూర్తిగా ఇస్తుంది, 21 నుంచి 100వ రోజు దాకా రోజుకింతని మనమూ కట్టాలి, ఆ పైన అంతా మనదే. అది కూడా ఆసుపత్రిలో కనీసం మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే. మంచం అదే అయినా కాగితం మీద అబ్జర్వేషన్ అని, అంటే చేర్చుకోలేదు గమనిస్తున్నామంతే అని, రాస్తే ఆ రోజులు లెక్కకి రావు. కనుక్కుంటే ఈమెవి ఇన్‌పేషెంట్ రోజులేనని చెప్పారు. ఆ గొడవ తీరింది.

శనివారం అపాయింట్‌మెంట్ తీసుకుని ఐదు నక్షత్రాల చోటు చూసొచ్చాడు. "లాబీలో పియానో ఉందక్కా, బిస్కెట్లు కాలుస్తున్న వాసన. వ్యాయామం గది అదిరిపోయింది." పెళ్ళిచూపులకెళ్తే ముందుగది చూపించి పంపుతారు, వంటింట్లోకి తీసుకెళ్ళరు. ఆదివారం రాత్రి ఏడింటికి రెండు చోట్లకీ ముందు చెప్పకుండా వెళ్ళు, రిసెప్షన్‌లో అడిగి ఉండిపోయేవాళ్ళ వరండాలోకి నడువు అన్నాను. వీడియో వద్దన్నాను, మంచాల మీద ఉన్నవాళ్ళూ మనుషులే. ఫోను చొక్కా జేబులో పెట్టి లైన్లో ఉంచితే చాలు.

అక్కడ ఆదివారం రాత్రి ఏడంటే మనకి సోమవారం తెల్లవారుజామున నాలుగున్నర. మాస్టారింటి అరుగు మీద ఫోను పెట్టుకుని కూర్చున్నాం. ఆయన చేతికి పాత హెచ్ఎంటీ వాచీ.

ముందు ఐదు నక్షత్రాల చోటు. ఎవరో రోగి నొక్కిన బెల్లు మోగుతోంది. టింగ్, టింగ్. ఎవరో ఇద్దరు నవ్వుకుంటూ దాటి వెళ్ళారు. బెల్లు మోగుతూనే ఉంది. మాస్టారు వాచీ మీంచి కళ్ళు తీయలేదు. పదకొండో నిమిషానికి ఆగింది. "లోపలికెళ్ళి బెల్లు లైటు ఆపేసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయిందక్కా" అని గుసగుసగా చెప్పాడు. ఆ అమ్మాయిని ఏజెన్సీవాళ్ళు పంపారట, అక్కడ అదే మొదటిరోజు. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఎయిడ్ పనికి అక్కడి కేంద్ర చట్టం అడిగే శిక్షణ కనీసం 75 గంటలు. నేను నాలుగేళ్ళు నర్సింగ్ చదివి మందులిస్తాను, సంతకాలు పెడతాను. ఒళ్ళు తుడిచేది, తిప్పేది, తినిపించేది ఆమే.

మూడు నక్షత్రాల చోటికి చేరేసరికి మనకి తెల్లారిపోయింది. అడుగుపెడుతూనే, "మూత్రం వాసనక్కా" అన్నాడు. మాస్టారు నా వైపు చూశారు.

"లిఫ్టు దగ్గరేనా, లోపల కూడా ఉందా?"

"లిఫ్టు దాటాక లేదు."

అప్పుడే జరిగినదైతే ఒక్కచోట వస్తుంది, కాసేపటికి పోతుంది. గోడలకీ కుర్చీలకీ పట్టేసిన వాసన వేరు. బెల్లు మోగింది. నాలుగో నిమిషంలో ఒకావిడ గొంతు వినబడింది, రోగిని పేరు పెట్టి పిలిచింది. తర్వాత నేల మీద కుర్చీ లాగిన చప్పుడు. "పెరుగు తినిపిస్తోంది" అన్నాడు. కుర్చీ లాక్కుందంటే కూర్చుందన్నమాట. నిలబడి తినిపించేవాళ్ళ కళ్ళు పక్క గది మీద ఉంటాయి, నేనూ అలా తినిపించినదాన్నే. ఆవిడ అక్కడ పద్నాలుగేళ్ళుగా చేస్తోందట.

తనిఖీ రిపోర్టు ఎవరినీ అడక్కుండానే చదువుకునేలా పెట్టాలని రూలుంది. అక్కడ తలుపు పక్క బల్ల మీదే ఉంది. అందులో రెండేళ్ళ కిందటి తప్పు ఒకటి, జీ అని. తప్పులకి ఏ నుంచి ఎల్ దాకా అక్షరాలుంటాయి, జీ అంటే మనిషికి నిజంగా హాని జరిగినట్టు. ఇద్దరు పట్టి దించాల్సిన మనిషిని ఒక్కరే దించబోతే పడి ఎముక విరిగింది. మాస్టారి మొహం వాడిపోయింది. ఇప్పుడెలా చేస్తున్నారని ఆ ఎయిడ్‌నే అడగమన్నాను. రెండో మనిషి రాకుండా మంచం ముట్టుకోమని చెప్పిందట.

"ఎర్రసిరా పడ్డ పేపరన్నమాట" అన్నారు మాస్టారు. కాసేపు ఊరుకుని, "సరే, అక్కడే కానీయండి" అన్నారు. నాకూ లోపల భయంగానే ఉంది. ఏదైనా జరిగితే ఈ వీధిలోంచి నడవలేను.

వారం తర్వాత వీడియో కాల్ చేశాడు. మామ్మగారు మంచం మీద ఆనుకుని కూర్చున్నారు. ముందు మడమలు చూపించరా అన్నాను. పిక్కల కింద దిండు, మడమలు పరుపుకి తగలడం లేదు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనబడదు, అందుకని చేత్తో తాకి చూడమన్నాను. వేడిగా ఉందా, మెత్తబడిందా?

"లేదక్కా, బాగానే ఉంది."

"ఏటే గుంటా, నా మొకం సూడ్డం మానేసి కాళ్ళు సూస్తన్నావేటి?" అని అటునుంచి కేక.

అప్పుడు మొహం చూశాను. నవ్వుతున్నారు, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. పళ్ళసెట్టు ఎక్కడ పెట్టారని అడిగాను.