గ్రో అవుట్ ఆఫ్‌తో నా కుస్తీ

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టయర్ వన్‌లో, అంటే మొదటి దశలో, ఇంగ్లీషుకి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు పెడితే అర మార్కు కోత. నేను తెలుగు మీడియం. విజయనగరంలో రూము తీసుకుని చదివేటప్పుడు లెక్కలకి భయపడలేదు గానీ ఫ్రేజల్ వెర్బ్స్, అంటే క్రియ పక్కన అప్, ఆన్ లాంటి చిన్న మాట చేరి అర్థం మారిపోయేవి, వాటితోనే టెన్షన్. కోచింగ్‌లో ఇచ్చిన జిరాక్స్ కాగితాల్లో ఒక్కోదానికి ఒక్క అర్థమే ఉండేది. బట్టీ పడితే వచ్చేస్తుంది, వాక్యం మారిందంటే చేతులెత్తేయడమే. అందుకని కాగితాలు పక్కన పడేసి, గ్రోతో వచ్చేవాటికి మా ఇంట్లో జరిగేవాటితోనే వాక్యాలు రాసుకోవడం మొదలెట్టాను.

ముందు తమ్ముడి యూనిఫాం. బడి తెరిచే ముందు గుడ్డ ఇస్తూ అమ్మ టైలర్‌తో ‘పెరిగే కుర్రాడు బాబూ, వదులుగా కుట్టు, కింద గుడ్డ లోపలికి మడిచి ఉంచు’ అనేది. ఆ వదులు ప్యాంటు వాడికి మెల్లగా సరిపోతే గ్రో ఇంటు. మడత విప్పేసినా చీలమండలు కనబడుతున్నాయంటే గ్రో అవుట్ ఆఫ్. మనం ప్యాంటు పొట్టయిపోయిందంటాం. ఇంగ్లీషులో మాత్రం కర్త తమ్ముడే. వేలు చీకడం, చీకటంటే భయం లాంటివి వయసుతో వాటంతటవే పోయినా ఇదే మాట. సిగరెట్ పట్టుబట్టి మానేస్తే అది గివ్ అప్. ఒక ఉపన్యాసంలోంచి పుస్తకం పుట్టినా గ్రో అవుట్ ఆఫే, ఈ అర్థం మా కాగితాల్లో అసలు లేదు.

గ్రో ఆన్ మాత్రం మనకి చుట్టం లాంటిది. మొదట్లో నచ్చని పాట వినగా వినగా నచ్చితే, ఆ పాటే కర్త. ‘పాట నాకు నచ్చింది’ అన్నప్పుడు మనమూ అంతేగా!

గ్రో అప్ సులువనుకుంటారు, పరీక్షలో ముంచేది అదే. దానికి కర్మ ఉండదు. పిల్లలు గ్రో అప్ అవుతారు, వాళ్లని పెంచడం బ్రింగ్ అప్. వరి పండించడానికి ఉత్త గ్రో చాలు. ధరలు గో అప్ అవుతాయి. మిల్లు చుట్టూ బజారు వెలిస్తే మాత్రం గ్రో అప్ అనొచ్చు. ఎవరినైనా ‘గ్రో అప్!’ అన్నామంటే చీవాట్లే.

గ్రో అపార్ట్, అంటే గొడవేమీ లేకుండానే దూరమవడం, ఒకసారి చదివి వదిలేశాను.

ఇప్పుడు మాక్ టెస్టులో ముందు చూసేది కర్తనే. వస్తువు కర్తయి చివర ఇంగ్లీషు ‘మీ’ (me) ఉంటే ఆన్ వైపు చూస్తాను. మనిషి కర్తయి వెనకాల బట్టో అలవాటో వస్తే అవుట్ ఆఫ్. ఎక్కువసార్లు రెండు ఆప్షన్లు అక్కడే ఎగిరిపోతాయి.