ఎవరూ తొక్కకుండానే కారు కదిలింది

తిరుమల కొండ దిగే ఘాట్ రోడ్డు మలుపులను కాగితం మీద గీసుకుని, వాటినే ట్రాక్‌గా పెట్టి పైథాన్‌లో ఒక కారు గేమ్ రాస్తున్నా. ఇన్నాళ్లూ ఎక్స్‌బాక్స్ 360 గేమ్‌ప్యాడ్‌తోనే (రెండు చేతుల్తో పట్టుకుని ఆడేది) ఆడుతున్నాను. అన్న కొడుకు కూడా ఆడతానంటే, శనివారం గాంధీ రోడ్డుకెళ్లి ఒక చవక యూఎస్‌బీ ప్యాడ్ తెచ్చాను. 'ఏ సిస్టమ్‌కైనా పనిచేస్తుంది సార్' అన్నాడు అంగడాయన.

తగిలించాం. ప్యాడ్ బల్ల మీదే ఉంది, కారు మాత్రం బయల్దేరి నేరుగా లోయలోకి పోయింది.

"చిన్నాయనా, నేనేం నొక్కలే!"

వాడి మాట నిజమే. ఆదివారం మధ్యాహ్నమంతా నా కోడ్‌లోనే తప్పు వెతికి, సాయంత్రానికి గానీ ఈవ్‌టెస్ట్ (ప్యాడ్ పంపే సంకేతాలను చూపించే లినక్స్ టూల్) తెరవలేదు. మొదటే తెరవాల్సింది.

లినక్స్‌లో ప్యాడ్ తగిలించగానే ఈవెంట్ అన్న పేరు, దాని పక్కన ఒక నంబరుతో ఒక డివైస్ ఫైలు పుడుతుంది. దాన్ని చదివితే వచ్చేవి ఒక్కోటి 24 బైట్ల ముక్కలు (64 బిట్ సిస్టమ్‌లో): సమయం, రకం, కోడ్, విలువ. అంతే. 'ఏ బటన్ నొక్కారు' అన్న మాట అందులో ఎక్కడా ఉండదు. అన్నీ నంబర్లే. పాత ప్యాడ్‌లో 'A' అని రాసున్న బటన్ 304గా వస్తుంది. కొత్తదాంట్లో మొదటి బటన్ 288. ఇది తనను తాను జాయ్‌స్టిక్ అని చెప్పుకుంటుంది కాబట్టి కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) దాని బటన్లను 288 నుంచి లెక్కపెడుతుంది. గేమ్‌ప్యాడ్ అని చెప్పుకుని ఉంటే 304 నుంచి మొదలయ్యేది.

అసలు దొంగ కోడ్ 5, అంటే ఆర్‌జెడ్ యాక్సిస్. స్టిక్ గానీ ట్రిగ్గర్ గానీ ఎంత కదిలిందో చెప్పేదే యాక్సిస్. పాత ప్యాడ్‌లో అది కుడి ట్రిగ్గర్: వదిలేస్తే 0, పూర్తిగా నొక్కితే 255. నా గేమ్‌లో అదే యాక్సిలరేటర్. కొత్త ప్యాడ్‌లో అదే కోడ్ మీద కుడి స్టిక్ కూర్చుంది. స్టిక్ మధ్యలో ఊరికే ఉన్నా 128. అంటే నా గేమ్ లెక్కలో యాక్సిలరేటర్ సగం తొక్కినట్టే!

ఇందులో ఇంకో మెలిక. లినక్స్ మార్పు జరిగితేనే ఈవెంట్ పంపుతుంది. మొదలయ్యేటప్పుడు ఏది ఎక్కడుందో తెలియాలని నేనే ప్రతి యాక్సిస్‌కు యాబ్స్‌ఇన్ఫో (ఆ యాక్సిస్ ఇప్పటి విలువ, రేంజ్ ఉండే సమాచారం) అడిగి విలువ తీసుకుంటున్నా. అది అడక్కపోయుంటే, ఎవరో స్టిక్ కదిపేదాకా కారు బుద్ధిగా నిలబడేది.

రేంజ్ చూసి ట్రిగ్గరా, స్టిక్కా తేల్చలేం, రెండూ 0 నుంచి 255 వరకే. అందుకే వెండర్, ప్రొడక్ట్ నంబర్లను (ఏ కంపెనీది, ఏ మోడల్ అని ప్యాడ్ చెప్పుకునేవి) బట్టి ప్యాడ్‌కో పట్టిక రాశాను. గేమ్‌లు రాసేవాళ్లు వాడే ఎస్‌డీఎల్ లైబ్రరీ చేసేదీ ఇంచుమించు ఇదే. పట్టికంతా కలిపి పన్నెండు లైన్లు.

స్టీరింగ్‌కు డెడ్‌జోన్ (స్టిక్ మధ్యలో కొంచెం కదిలినా లెక్కచేయని మేర) కూడా మార్చాల్సి వచ్చింది. ఎక్స్‌ఇన్‌పుట్‌లో (ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్‌లను చదవడానికి విండోస్‌లో ఉన్న దారి) ఎడమ స్టిక్‌కు మైక్రోసాఫ్ట్ పెట్టిన విలువ 7849, అంటే ఒక వైపు ప్రయాణంలో దాదాపు 24 శాతం. కొత్త ప్యాడ్ స్కేల్‌లో అది 30 అవుతుంది. మలుపుల్లో చెయ్యి తిప్పినా కారు మొరాయించింది. వదిలేసినప్పుడు దీని స్టిక్ మహా అయితే 4 అటూ ఇటూ ఊగుతోంది, 10 పెడితే సరిపోయింది.

అన్న ల్యాప్‌టాప్‌లో విండోస్. అక్కడ ఎక్స్‌ఇన్‌పుట్‌కు చవక ప్యాడ్ కనబడనే లేదు, విండోస్‌లోనే ఉన్న పాత దారి డైరెక్ట్‌ఇన్‌పుట్‌లోనే దొరికింది. పోనీ రెండింటికీ డైరెక్ట్‌ఇన్‌పుటే వాడదామంటే, అందులో ఎక్స్‌బాక్స్ ప్యాడ్ ట్రిగ్గర్లు రెండూ ఒకే యాక్సిస్‌గా వస్తాయి. గ్యాస్, బ్రేకు కలిపి తొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి విండోస్‌లో రెండు దారులూ రాయాలి. ఆ పని వచ్చే వారానికి వాయిదా.

వాడు మాత్రం ఇప్పుడు బటన్లను నంబర్లతోనే పిలుస్తున్నాడు. "చిన్నాయనా, హారన్ 291కి పెట్టు."