కింది వరస వెంట్రుకలు

పడుకుందామంటే తమ్ముడి మొహమే కళ్ళముందు ఆడుతోంది. కనుబొమ్మలు నీట్‌గా చేయించుకొచ్చాడు. చేసినవాళ్ళు కింది వరస దాదాపు మొత్తం లాగేశారు. మహా అయితే రెండు మిల్లీమీటర్లు. అంతకే మనిషి పొద్దస్తమానం దేనికో ఉలిక్కిపడినట్టున్నాడు.

కోపం వాడి మీద కాదు, ఆడవాళ్ళ కొలతని తెచ్చి మగ మొహం మీద పెట్టేవాళ్ళ మీద. కంటిగుంత పై అంచున వేలు పెడితే ఎముక గట్టిగా తగులుతుంది. ఆడవాళ్ళ కనుబొమ్మ సాధారణంగా ఆ అంచుకి కాస్త పైన ఉండి, బయటి మూడోవంతు దగ్గర విల్లులా లేస్తుంది. మగవాళ్ళది దాదాపు అంచు మీదే, చదునుగా ఉంటుంది. ఆ ఎముక కూడా వాళ్ళలో ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి నీడ పడి చూపు లోతుగా కనిపిస్తుంది. కింది వెంట్రుకలు పీకితే కనుబొమ్మకీ రెప్పకీ మధ్య చర్మం బయటపడుతుంది, చూపులో ఆ పట్టు పోతుంది.

నిజానికి చేయాల్సింది చాలా కొంచెం. ముక్కుపుటం పక్కనుంచి నిలువుగా స్కేలు పెట్టి, ఆ గీతకీ అవతలి గీతకీ మధ్య కలిసిపోయినవి మాత్రం తీయాలి. గీత దాటితే కళ్ళు దూరం జరిగినట్టుంటాయి. తర్వాత వెంట్రుకలు పైకి దువ్వి, పై అంచు దాటినవి కత్తెర మొనతో ఒక్కొక్కటే కత్తిరించాలి. వరసగా కోసేస్తే, కిందికి దువ్వాక ఖాళీలు బయటపడతాయి. పక్క ఖాళీని కప్పేది ఆ పొడవాటి వెంట్రుకే మరి. కింది అంచు జోలికి పోనే కూడదు.

ఇంతవరకూ రాసి ఆగాను. కనుబొమ్మ ఎంత దిగితే అంత అందం అన్నట్టు రాశానే, అది సరికాదు. తల కాస్త కిందికి వంచి చూస్తే కనుబొమ్మల లోపలి కొసలు దిగినట్టు కనిపిస్తాయి, ఒక్క కండరం కదలకపోయినా. 2019లో విట్‌కోవర్, ట్రేసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో అలాంటి మొహం జనానికి పెత్తనం చేసేలా కనిపించింది. పెత్తనం వేరు, అందం వేరు.

నాన్నదైతే ఇంకో లెక్క. పైరెప్ప చర్మం జారి కంటి మీదికొచ్చింది. చూపుకి అడ్డం రాకుండా నుదుటి కండరం తనకి తెలియకుండానే కనుబొమ్మల్ని ఎత్తి పట్టుకుంటోంది. ఆ మూడు అడ్డగీతలు దాని పనే. గీతలు పోవాలని అక్కడ బొటాక్స్ ఇంజెక్షన్ వేస్తే కండరం సడలుతుంది, కనుబొమ్మ దిగుతుంది, రెప్ప మరింత వాలుతుంది. నుదురు నున్నగా, కళ్ళు నిద్రలేనట్టు. కనుబొమ్మ కింద రెప్పకి ఎంత చోటు మిగిలిందో చూడకుండా ఎత్తు గురించి మాట్లాడకూడదు. తమ్ముడి రెప్పలు సన్నవి, బిగువైనవి. వాడికి కిందికి ఉండటమే అందం.

వాడి ఎడమ కనుబొమ్మ తోక ఒక్కటి మాత్రం చెక్కుచెదరలేదు, అంతవరకు సంతోషం. పీకినవి మళ్ళీ నిండడానికి కొన్ని నెలలు పడుతుంది. ఈలోపు మొలిచే మొనల్ని సరిచేస్తానంటూ వాడే అద్దం ముందు నిలబడతాడేమో. పదేపదే పీకితే కొన్ని కుదుళ్ళు ఇక మొలవవు. పొద్దున్నే ఆ ప్లక్కర్ సొరుగులోంచి తీసి దాచాలి.