నన్ను కోడిపెట్ట అన్న పెద్దావిడ

"నీ తప్పేం లేదులే, హెన్" అని ఫోన్ పెట్టేసింది అవతలి పెద్దావిడ. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండో వారం. హెన్ అంటే నాకు తెలిసింది కోడిపెట్ట ఒక్కటే. ముఖం మాడ్చుకుని పక్క సీటతన్ని అడిగితే పడీపడీ నవ్వి, ఇక్కడ ఆడపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారన్నాడు. మనం 'తల్లీ' అన్నట్టన్నమాట.

నా పని ఎడిన్‌బరోకి ఆనుకుని ఉన్న మిడ్‌లోథియన్‌లో, కౌన్సిల్‌లో (మన మునిసిపాలిటీ లాంటిది), కట్టడాలకి అనుమతులు చూసే ప్లానింగ్ విభాగంలో. స్కాట్లాండ్‌లోని 32 కౌన్సిల్ ప్రాంతాల్లో 2011, 2022 జనాభా లెక్కల మధ్య అన్నిటికంటే ఎక్కువ పెరిగింది ఇదే, 16 శాతం. ఒకప్పుడు బొగ్గు గనుల సీమ. మాంక్టన్‌హాల్ గని 1997లో మూతపడింది. ఇప్పుడు అక్కడ షాఫెయిర్ అని కొత్త ఊరు లేస్తోంది. మా అద్దె ఇల్లు అందులోనే.

ఆవిడ ఫోన్ చేసింది తన ఇంటి వెనక పొలంలో కట్టబోయే ఇళ్ల గురించి. అప్లికేషన్ నంబరు చేత్తో పట్టుకుని మరీ మాట్లాడింది. స్థలానికి 20 మీటర్లలోపు ఉన్నవాళ్లకి మేం నోటీసు పంపాలి. 21 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. ఆ నోటీసులు కవర్లలో పెడుతుంటే నాకు కడుపులో ఎలాగో ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో మా తాత రెండెకరాలు రోడ్డు కింద పోయాయి. సర్వే రాళ్లు పాతాక గానీ ఆయనకి సంగతి తెలీలేదు. ఇక్కడ పోయేది ఆవిడ పొలం కూడా కాదు, కిటికీలోంచి కనబడే పొలం. దానికే ఇంటికి ఉత్తరం వెళ్తుంది! అసూయగా ఉంటుంది, దాచుకోవడమెందుకు.

అయితే ఈ ఏడాదిన్నరలో ఇంకోటీ చూశాను. ఆ పొలం ఇళ్లకేనని స్థానిక ప్రణాళికలో ఏళ్ల కిందటే రాసేసి ఉంటుంది. ఉత్తరాలతో ఇళ్లు ఆగడం అరుదు. బడికీ రోడ్డుకీ బిల్డరు ఎంత కట్టాలో సెక్షన్ 75 ఒప్పందం అని ఒకటి రాసుకుంటారు, అంతే. మా తాతని అడక్కుండా తీసుకున్నారు, వీళ్లని అడిగి తీసుకుంటున్నారు, తేడా ఏముందని ఇంట్లో వాదిస్తుంటాను. "డబ్బుల కోసం మీ తాత ఎన్నేళ్లు తిరిగాడో మర్చిపోయావా?" అంటారు మావారు. మర్చిపోలేదు. కానీ మనవాళ్లని నేను అంటే వేరు, ఇంకొకరు అంటే నాకు పడదు.

ఆ రోజు ఫోన్‌లో మాటల మధ్యలో పెద్దావిడ "వేర్ డు యూ స్టే?" అని అడిగింది. స్టే అంటే హోటల్లో దిగడం, ఇంటికి లివ్ అనాలని లండన్‌లో ఒకావిడ నాకు దిద్దింది. స్కాట్లాండ్ వాళ్లు అచ్చం మనలాగే అడుగుతారు. ఆ సంబరంలో నోరుజారి, షాఫెయిర్‌లో కొత్త ఇళ్లలో అని చెప్పేశాను. తిడుతుందనుకున్నా.

"మరి డాక్టర్ దొరుకుతున్నాడా?" అంది.

పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చెవికి పెట్టుకుని క్యూలో కూర్చోవడమేనండీ అన్నాను. డాక్టర్ల సంగతి కౌన్సిల్ కిందకి రాదని చెప్పాల్సినదాన్ని.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. గీతల కాగితం మీద నీలం సిరాతో నాలుగు పేజీలు. వెబ్‌సైట్‌లో పెట్టేముందు సంతకం, ఫోన్ నంబరు నల్లగా కొట్టేయడం నా పనే. మూడో పేజీలో ఇలా ఉంది: "మీ దగ్గర ఫోనెత్తే పిల్ల కూడా కొత్త ఇంట్లోనే ఉంటోంది. ఆ పిల్లకే డాక్టర్ దొరకడం లేదు. ముందు ఆమె సంగతి చూడండి."

టెన్షన్‌తో మేనేజర్‌కి చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, "ఇది నీ గురించి. కొట్టేయాలంటే కొట్టేయ్, నీ ఇష్టం" అంది.

సంతకం మీద, నంబరు మీద నల్ల గీత పెట్టాను. మూడో పేజీ ఉన్నదున్నట్టే ఎక్కించాను.