బ్యాగు ఉంది, పెట్టుకోవడానికి చోటే లేదు

మిషిగన్‌లో మేముంటున్న ఊళ్లో హైస్కూలు పిల్లలు కొందరు ప్రతి ఏటా ఒక బల్ల చుట్టూ కూర్చుని, స్థానిక సేవాసంస్థల దరఖాస్తులు చదివి, ఎవరికి ఎంత గ్రాంటు ఇవ్వాలో తేలుస్తారు. మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా ఆ కమిటీలో చేరింది. పొలం అమ్మకం గురించో పెళ్లి ఖర్చుల గురించో మాట వచ్చినప్పుడల్లా "పెద్దవాళ్ల విషయాలు నీకెందుకు, వెళ్లి చదువుకో" అని లోపలికి పంపేసే ఇంట్లో పెరిగాను నేను. అందువల్ల పదహారేళ్ల పిల్లల చేతికి వేల డాలర్ల మీద నిర్ణయాధికారం ఇవ్వడం నాకు మొదట్లో ఒక రకమైన శిక్షణగానే కనిపించింది. అది శిక్షణ మాత్రమే కాదని గ్రహించడానికి ఏడాది పట్టింది.

ఈ పద్ధతి ఇక్కడ మొదలై ముప్పై అయిదేళ్లు దాటింది. 1980ల చివర బాటిల్ క్రీక్ పట్టణంలోని కెలాగ్ ఫౌండేషన్ రాష్ట్రంలోని కమ్యూనిటీ ఫౌండేషన్లకు, అంటే స్థానిక విరాళాలను నిధిగా ఉంచి గ్రాంట్లు ఇచ్చే సంస్థలకు, అవి పోగుచేసే దానికి జతగా తానూ నిధులిస్తానని ముందుకొచ్చి ఒక షరతు పెట్టింది: స్థానికంగా విరాళాలు పోగుచేసి యువత పేరిట శాశ్వత నిధి ఏర్పరచాలి, దానిపై వచ్చే ఆదాయం ఎవరికి చేరాలో యువతీయువకుల కమిటీయే సూచించాలి. మన గుళ్లలో శాశ్వత పూజకు కట్టిన సొమ్ములో అసలు కదలకుండా వడ్డీతో ఏటా పూజ జరిగినట్టే, ఆనాటి మూలధనం నేటికీ కొత్త పిల్లల చేతుల మీదుగా ఫలితాన్నిస్తూనే ఉంది.

ఆ ఏడాది కమిటీ ఎంచుకున్న అంశం నిలువ నీడ లేని యువత. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన చేపిన్ హాల్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పన్నెండు నెలల వ్యవధిలో 13 నుంచి 17 ఏళ్ల వారిలో ప్రతి 30 మందిలో ఒకరు, 18 నుంచి 25 ఏళ్ల వారిలో ప్రతి 10 మందిలో ఒకరు ఏదో ఒక రూపంలో ఇల్లు లేని స్థితిని అనుభవించారు. వీరిలో చాలామంది పేవ్‌మెంట్ల మీద కనిపించరు. ఈ వారం ఒక స్నేహితుడి ఇంట్లో సోఫా మీద, వచ్చే వారం మరొకరి గరాజులో, ఆ తర్వాత కారులో పడుకుంటారు. ఇంట్లో గొడవపడి బయటికొచ్చినవారు, ఫాస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వం అప్పగించిన వేరే కుటుంబాల సంరక్షణలో, పెరిగి వయసు దాటగానే ఆ నీడ కోల్పోయినవారు, తమ లైంగికత తెలిశాక తల్లిదండ్రులు వెళ్లగొట్టినవారు వీరిలో ఉంటారు.

చివరి విడతలో రెండు దరఖాస్తులు మిగిలాయి. ఒకటి దుప్పట్లు, సబ్బులు నింపిన బ్యాగులు పంచేది, రెండోది గుర్తింపు పత్రాల ఫీజులు కట్టి, సామాను దాచుకోవడానికి లాకర్లు ఏర్పాటు చేసేది. బ్యాగుల వైపే అందరి మొగ్గు. పంచినప్పుడు ఫోటో కూడా బాగుంటుంది. ప్రతి ఆగస్టులో మన తెలుగు సంఘాల తరఫున స్కూలు బ్యాగులు పంచిన చేతులు నావి కాబట్టి, గోడవారగా కూర్చుని వింటున్న నేనూ అదే సరైనదనుకున్నాను.

ఆ రోజు కమిటీ ఇద్దరు అతిథులను పిలిచింది. ఇద్దరూ ఇరవై ఏళ్ల లోపువారు, కొన్ని నెలలు కారులో గడిపినవారు. వారిలో ఒకమ్మాయి బ్యాగుల దరఖాస్తు పూర్తిగా చదివి, దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టి, "బ్యాగు ఉంది, పెట్టుకోవడానికి చోటే లేదు" అంది. పనిలో ఉన్నప్పుడు ఒకసారి సంచి పోయిందట. దానితో పాటు బర్త్ సర్టిఫికెట్ పోయింది. అది లేక గుర్తింపు కార్డు రాలేదు, కార్డు లేక తర్వాతి ఉద్యోగం రాలేదు, జీతం లేక గది అద్దెకు దొరకలేదు. ఈ గొలుసును ఆమె ఫిర్యాదులా కాకుండా, బస్సు రూటు చెబుతున్నంత మామూలుగా చెప్పింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. లాకర్లకే గ్రాంటు వెళ్లింది.

అప్పటి నుంచి నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఒక్కటే. యువతకు అధికారమిచ్చామని అంటున్నాం సరే, ఏ యువతకు? మా అమ్మాయి కమిటీలోని వారంతా వెచ్చని ఇళ్ల నుంచి వచ్చినవారే. మనసు మంచిదైనంత మాత్రాన లాకరు విలువ తెలియదు. ఈ విషయంలో అమెరికా గృహనిర్మాణ శాఖ 2017లో తొలి విడత ప్రాంతాలను ఎంపిక చేసిన యువ నిరాశ్రయత ప్రాజెక్టు నియమాలు ఒక అడుగు ముందున్నాయి. నిధులు పొందే ప్రాంతంలో 24 ఏళ్లు మించనివారితో యూత్ యాక్షన్ బోర్డు ఉండాలని, అందులో మూడింట రెండొంతుల మంది ఆ స్థితిని స్వయంగా అనుభవించినవారై ఉండాలని, ప్రాంతీయ ప్రణాళికపై ఆ బోర్డు సంతకం ఉండాలని తర్వాతి విడతల్లో నిర్దేశించారు. మొత్తం నియమాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా గౌరవించేది ఆ సంతకాన్నే, ఎందుకంటే అభిప్రాయం అడిగి పక్కన పెట్టడం తేలిక, సంతకం లేకుండా కాగితం కదలదంటే వినక తప్పదు.

మరో మాట కూడా చెప్పాలి. సలహాదారులకైతే గంటకింత అని ఇస్తారు, జీవితాన్నే నివేదికగా వినిపించిన ఆ ఇద్దరికీ మాత్రం ఆ సాయంత్రం పిజ్జా పెట్టి పంపించారు. తిరిగి వెళ్లడానికి బస్సు ఛార్జీ ఉందా అని మాలో ఎవరికీ తోచలేదు. మా అమ్మాయి ఇంటికొచ్చే దారిలో ఆ సంగతి ఎత్తింది, తర్వాతి సమావేశంలో పట్టుబట్టింది. ఇప్పుడు అలాంటి అతిథులకు గంటల లెక్కన పారితోషికం, రవాణా ఖర్చులు ముందే ఇస్తున్నారు. ఆ ఇద్దరికీ కూడా ఆలస్యంగానైనా పంపారు.

మరుసటి ఏడాది దరఖాస్తు ఫారాన్ని మార్చే పని సంచి పోగొట్టుకున్న ఆ అమ్మాయికే, ఈసారి పారితోషికంతో, అప్పగించారు. సంస్థ చరిత్ర, లక్ష్యాల గురించి ఉన్న రెండు పేజీలను ఆమె అర పేజీకి కుదించి, కింద కొత్తగా ఒక ప్రశ్న రాసింది: "మీరు రాత్రి ఎన్ని గంటలకు తలుపు మూస్తారు? డ్యూటీ దిగి ఆ తర్వాత వచ్చినవారు ఎక్కడికి వెళ్లాలి?"